పుచ్చుకున్నాం

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, ఇటు కైకలూరు, ఆకివీడు మీదుగా కొల్లేటి లంకల దాకా ఏ క్రైస్తవుల ఇంట్లోనైనా పెద్దవాళ్ళని "మీరెప్పటి నుంచి విశ్వాసులండీ?" అని అడిగితే జవాబు తరచూ ఒక్క క్రియలో వస్తుంది. "మా తాతగారి నాడు పుచ్చుకున్నామండి." ఏం పుచ్చుకున్నారో చెప్పరు. బాప్తిస్మమా, మతమా, సువార్తా, క్రీస్తునా అన్నది విన్నవాళ్ళకే వదిలేస్తారు. కర్మ లేకుండానే ఆ వాక్యం నిండుగా ఉంటుంది. ఈ తరం పిల్లలు "తీసుకున్నాం" అంటున్నారు. అర్థం చెడలేదు గాని, పాత మాటలో ఉన్నంత బరువు ఈ మాటలో లేదు.

పుచ్చుకోవడం గోదావరి జిల్లాల మర్యాదలో పెద్ద మాట. ఇంటికొచ్చినవారిని "కాస్త మజ్జిగ పుచ్చుకోండి" అంటారు. "తాగండి" కన్నా అందులో గౌరవం ఎక్కువ, ఎందుకంటే పుచ్చుకోవడం, మానడం అవతలివారి ఇష్టానికి వదిలిన మాట అది. గుళ్ళో ప్రసాదం పుచ్చుకుంటారు. గురువు దగ్గర ఉపదేశం, పెద్దల దగ్గర సెలవు పుచ్చుకుంటారు. పిల్లలు లేనివారు దత్తు పుచ్చుకుంటారు. సన్యాసమూ పుచ్చుకునేదే, లంచమూ పుచ్చుకునేదే. వియ్యమందుకునే కుటుంబాలది ఇచ్చిపుచ్చుకునే వరస. ఇన్ని వాడుకల్లోనూ ఒక షరతు మారదు: ఇచ్చే చెయ్యి ఒకటి ఉండాలి. ఎవరూ ఇవ్వనిదాన్ని లాక్కోవచ్చు, సంపాదించుకోవచ్చు, దొరకబుచ్చుకోవచ్చు. పుచ్చుకోవడం మాత్రం కుదరదు. రెండో షరతు కూడా మారదు: చాచే చెయ్యి మనదే కావాలి. మన బదులు మరొకరు చెయ్యి చాస్తే పుచ్చుకున్నది వాళ్ళే అవుతారు.

క్రైస్తవ చింతనలో అన్నిటికన్నా పాత తగాదాల్లో ఒకటి ఈ రెండు చేతుల మధ్యే నడిచింది. మనిషి రక్షణ పొందడంలో దేవుడి నిర్ణయం ఎంత, మనిషి ఇష్టం ఎంత? దేవుడు ముందే ఏర్పరచుకున్నాడు గనుక నమ్మామా, మనం నమ్ముతామని తెలిసి ఏర్పరచుకున్నాడా? ఐదో శతాబ్దంలో అగస్టీన్, పెలేగియస్‌లు దీని మీదే విడిపోయారు. 1524లో ఎరాస్మస్ మనిషి చిత్తానికి కొంత స్వేచ్ఛ ఉందని రాస్తే, మరుసటి ఏడే లూథర్ ఆ చిత్తం చెరలో ఉందని బదులు రాశాడు. 1547లో ట్రెంట్ మహాసభ, కృప ముందు కదిలిస్తుంది, మనిషి సమ్మతించనూ వచ్చు, తోసిపుచ్చనూ వచ్చు అని తేల్చింది. 1618-19లో డచ్చి దేశపు డోర్ట్ సభ, దేవుడి ఎన్నికకు మనిషిలో ఏ షరతూ లేదని నిలబడింది. తోసిపుచ్చడం, పుచ్చుకోవడం తెలుగులో ఎంత దగ్గరగా వినిపిస్తాయో చూడండి. ట్రెంట్ వారి వాదమంతా ఆ రెండు మాటల మధ్యనే ఇమిడిపోతుంది.

ఈ పక్షాలన్నీ తర్వాతి కాలంలో మన కాలవల వెంబడి ఊళ్ళలోకి వచ్చాయి. 1836లో బ్రదరెన్ మిషనరీ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు వైపు బ్రదరెన్ సంఘాలకు పునాది వేశారు. 1841లో బందరులో దిగిన చర్చి మిషనరీ సొసైటీ 1854లో ఏలూరుకు వచ్చింది. 1842లో గుంటూరులో హయ్యర్ మొదలుపెట్టిన లూథరన్ పని తర్వాత గోదావరి తీరానికీ పాకింది. కతోలికులకు 1976 నుంచి ఏలూరే ఒక మేత్రాసనం. అగస్టీన్ శిష్యులమని చెప్పుకునేవాళ్ళు, లూథర్ పేరు పెట్టుకున్నవాళ్ళు, ట్రెంట్ బోధ నిలుపుకున్నవాళ్ళు, పాపి తనంతట తాను నమ్మి నీళ్ళలో దిగాలనేవాళ్ళు, అందరూ ఒకే బస్సు రూటు మీద దొరుకుతారు. వాళ్ళ వేదాంతాలు వేరు. పెద్దవాళ్ళ నోట క్రియ మాత్రం ఒకటే.

బైబిలు తెలుగులో ఈ విషయానికి పెట్టిన మాట "ఏర్పరచుకొను". ఎన్నిక అనే దైవకార్యానికి "ఏర్పాటు". పాత తెలుగులో "ఏర్పడ" అంటే స్పష్టంగా, విడిగా తెలిసేటట్టు అని. కలిసిపోయి ఉన్నదాన్ని విడదీసి నిలపడం ఏర్పరచడం. పక్కనే తమిళ క్రైస్తవులు పాత, కొత్త నిబంధనలను "ఏర్పాడు" అంటారు. మన ఏర్పాటుకు తోబుట్టువులా వినిపించే మాట. అనువాదకుల వివేకం ఒకటి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఎదురుగా సిద్ధంగా ఉన్న విధి, తలరాత అనే మాటలను వాళ్ళు ముట్టుకోలేదు. రోమా పత్రికలో పౌలు మాట్లాడేచోట "ముందుగా నిర్ణయించు" అని కొత్తగా కూర్చుకున్నారు. తలరాతలో రాసినవాడి ముఖం కనబడదు, ఏర్పరచుకోవడంలో కనబడుతుంది. ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయంలో ఆ నిర్ణయానికి పక్కనే "దయాసంకల్పం" అనే మాట పెట్టడం కూడా ఆ ముఖాన్ని చూపించడానికే.

అయినా తెలుగు చెవికి "ఏర్పరచు" వినగానే "ఏరు" వినబడుతుంది. (తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు కొల్లేటికి నీళ్ళు తెస్తాయి, ఉప్పుటేరు వాటిని సముద్రానికి మోస్తుంది. ఆ ఏరు వేరు, శబ్దమే ఒకటి.) కొల్లేటి చుట్టుపట్ల చెరువుల్లో పట్టుబడి రోజున వల గట్టుకు రాగానే మనుషులు కూర్చుని ఏరతారు. బొచ్చెలు ఒక ట్రేలోకి, శీలావతులు ఒక ట్రేలోకి, చిన్నవి పక్కకి. మత్తయి సువార్త 13వ అధ్యాయంలోని వల ఉపమానం ఇక్కడివారికి విడమరిచి చెప్పనక్కర్లేదు. కానీ ఆ ఉపమానం కడపటి దినపు తీర్పును గురించినది. దాన్ని తెచ్చి రక్షణ మొదటి దినానికి అంటగడితే మనిషి చేపైపోతాడు. ఏరేవాడి చేతిలో చేపకు మాట లేదు. చాలామంది బోధకులు ఏర్పాటు మీద ప్రసంగించేటప్పుడు జరిగేది ఇదే. వినేవాళ్ళు గంపలో కూర్చుని తమ వంతు ఎటు పడుతుందో చూసుకుంటారు.

అనువాదం ఆ పొరపాటుకు చోటివ్వలేదని నా వాదన. దేవుడు "ఏర్పరచెను" అని ఊరుకోకుండా "ఏర్పరచుకొనెను" అని రాశారు. ఆ "కొను" చిన్నది కాదు. మన వ్యాకరణం దాన్ని ఆత్మార్థకం అంటుంది. వండింది అంటే ఎవరికో. వండుకుంది అంటే తనకి. రాశాడు వేరు, రాసుకున్నాడు వేరు. క్రియాఫలం కర్త దగ్గరకే తిరిగొస్తే కొను చేరుతుంది. దేవుడు ఏర్పరచుకున్నాడు అంటే వేరుచేసి ఊరుకోలేదు, తనవాళ్ళుగా చేసుకున్నాడు, ఆ ఎన్నికలో తానూ చిక్కుకున్నాడు. యోహాను సువార్త 15వ అధ్యాయంలో యేసు శిష్యులతో ఎన్నిక ఎవరిదో తేల్చి చెప్పేచోట, శిష్యులు చేయని పనికీ తాను చేసిన పనికీ ఇదే క్రియ వాడుతుంది మన బైబిలు. మరోచోట, లూకా సువార్తలో, మార్త చెల్లెలు మరియ మంచి భాగాన్ని ఎంచుకున్నప్పుడూ అదే క్రియ: ఏర్పరచుకొనెను. దేవుడికి ఒక మాట, మనిషికి ఒక మాట అని పెట్టలేదు. బేతనియలో ఒక ఆడమనిషి, పరలోకంలో ఉన్నవాడు ఒకే క్రియకు కర్తలయ్యారు.

ఇంకా ముందుకు పోతే బైబిలు ఆఖరి అధ్యాయం వస్తుంది. జీవజలం ఊరికే ఇస్తానని పిలిచే ఆ చోట మన అనువాదం ఇచ్ఛయించే మనిషిని నిలబెట్టి, అతనికి ఇచ్చిన క్రియ "పుచ్చుకొను". ఇచ్ఛ ఉన్నవాడు పుచ్చుకుంటాడు, ఇచ్చేవాడు వెల అడగడు. మా ఊళ్ళ పెద్దలు ఈ మాటను అక్కణ్ణుంచే తెచ్చుకున్నారా, వాళ్ళ వాడుకే అనువాదకుల చెవిన పడిందా అన్నది నాకు ముఖ్యం కాదు. మజ్జిగ గ్లాసు దగ్గర నుంచి ప్రకటన గ్రంథం దాకా ఒకే మాట నడిచింది.

ఈ నేల మీద ఈ చర్చ క్రైస్తవులతో మొదలైందీ కాదు. ఏలూరుకు దగ్గరలోనే ద్వారకా తిరుమల కొండ ఉంది. శ్రీవైష్ణవులు శరణాగతిని గురించి రెండు పక్షాలుగా చీలి వందల ఏళ్ళు వాదించుకున్నారు. పిల్లి తన పిల్లను నోట కరుచుకుని పోతుంది, పిల్లకు ప్రయత్నం లేదు. కోతిపిల్ల తానే తల్లి పొట్టను కరుచుకుని ఉంటుంది. మార్జాల న్యాయం, మర్కట న్యాయం. డోర్ట్ సభ పేరు వినని పల్లెటూరి పాస్టరు కూడా ఈ రెండు న్యాయాలు చెబితే తన సంఘంలో వాదం ఎక్కడుందో టక్కున పట్టుకుంటాడు.

ఇక అసలు బరువైన సంగతి. పుచ్చుకొను అనేది ఈ నేల మీద కులం గీత గీసిన క్రియ. ఎవరి చేతి నీళ్ళు పుచ్చుకుంటారు, ఎవరి చేతివి పుచ్చుకోరు అన్నదే ఊరు, పల్లె, గూడెం అనే విభజనకు కొలత. మాలపల్లి మనిషి, మాదిగగూడెం మనిషి ఇచ్చేది ఊరు పుచ్చుకోదు. ఊరు ఇచ్చేది వాళ్ళు పుచ్చుకోవాల్సిందే, అదీ దూరం నుంచి, దోసిట్లోకి. కమతగాళ్ళుగా, పాలేర్లుగా బతికిన ఆ మనుషులకు దొర ముందు అలవాటు చేసిన జవాబు ఒకటి: "చిత్తం." చిత్తం అంటే ఇచ్ఛ, మనసు. ఎదుటివాడి ఇచ్ఛే జరగాలని ఒప్పుకోవడానికి తన నోటితో ఇచ్ఛ అనే మాటే పలకాలి. తనకంటూ చిత్తం లేదని చెప్పించుకోవడం అది. అదే మాట ప్రభువు నేర్పిన ప్రార్థనలో వచ్చింది. గెత్సేమనేలోనూ వచ్చింది. అక్కడ యేసు తన చిత్తాన్ని పక్కన పెట్టాడంటే ముందు తనకొక చిత్తం ఉందని చెప్పి పెట్టాడు. అప్పటిదాకా భయంతో "చిత్తం దొరా" అన్న నాలుక, తానే ఎంచుకున్న ఒకరి ముందు ఆ మాట అనడం మొదలుపెట్టింది. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, గిన్నె పుచ్చుకోవడం అన్నప్పుడు ఆ క్రియ కింద ఎన్ని తరాల దూరం ఉందో పుస్తకాల వేదాంతానికి తెలియదు.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా నిలబెట్టే మనిషి కృష్ణా సీమ రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య. మాల పెద్ద. 1859లో బెజవాడలో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన టి. వై. డార్లింగ్ చేతుల మీదుగా బాప్తిస్మం పుచ్చుకున్నాడు. మిషనరీ ముఖం చూడకముందే ఆయన విగ్రహాలకు మొక్కడం మానుకున్నాడనీ, పేరు తెలియని దేవుణ్ణి వెతుక్కుంటూ ప్రార్థించేవాడనీ మిషన్ చరిత్రలు చెబుతాయి. మానుకున్నాడు, వెతుక్కున్నాడు, పుచ్చుకున్నాడు. ఏ క్రియలో చూసినా ఆ కొను ఉంది. డోర్ట్ పక్షం వాళ్ళు ఆ వెతుకులాటే దేవుడు పుట్టించింది అంటారు. ఎరాస్మస్ పక్షం వాళ్ళు మనిషి అడుగు ముందు పడింది అంటారు. వెంకయ్యకు ఈ ఇద్దరి అవసరమూ రాలేదు. తర్వాత ఆయన వెంట ఆయన వాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరుగా కాదు, ఇళ్ళకు ఇళ్ళు. పడమటి పుస్తకాల్లో స్వేచ్ఛాచిత్తం ఎప్పుడూ ఒంటరి మనిషిది. మన పల్లెల్లో అది బహువచనంలో పలికింది: పుచ్చుకున్నాం. పెద్దమనిషి ఒక మాట అంటే రాత్రి రచ్చలో కూర్చుని పది ఇళ్ళు కలిసి తేల్చుకున్న సంగతి అది. పదిమంది కలిసి తేల్చుకున్నంత మాత్రాన అది ఇష్టం కాకుండా పోదు. ఒంటరిగా ఎదురు తిరిగితే పనీ కూడూ పోయే చోట, కలిసి తేల్చుకోవడం ఒక్కటే స్వేచ్ఛకున్న దారి.

ఆకలికోసం మతంలో కలిశారు అనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దీనికి ఒంగోలు జవాబు చెప్పింది. 1876-78 కరువులో బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం గుత్తకు పుచ్చుకుని కరువు జనానికి కూలి చూపించాడు. కూలికోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని, సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగాక జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. క్లౌ జాగ్రత్తను గౌరవిస్తాను. కానీ ఆ జాగ్రత్త వెనక ఉన్న అనుమానాన్ని ఒప్పుకోను. కడుపు నిండినవాడి ఇష్టం శుద్ధమైనదనీ, కాలే కడుపువాడి ఇష్టం మైలపడిందనీ ఏ సువార్త చెప్పింది? గలిలయలో ఐదు రొట్టెలు తిన్నవాళ్ళలో ఆకలి లేనివాడు ఒక్కడూ లేడు. అన్నంతోపాటు గౌరవం కూడా ఇచ్చేచోట చెయ్యి చాచాలని తేల్చుకోవడం వివేకమే. ఆ వివేకాన్ని మోసపోవడం అనడం ఆ మనుషుల తరఫున మరోసారి "చిత్తం" పలికించడమే.

బాప్తిస్మం దగ్గర ఈ వ్యాకరణం ఇంకా పదునుగా కనబడుతుంది. కతోలికులు జ్ఞానస్నానం అంటారు. వాళ్ళలోనూ, దక్షిణ ఇండియా సంఘంలోనూ, లూథరన్లలోనూ పసిబిడ్డలకు ఇస్తారు. అప్పుడు వాడే క్రియ "ఇప్పించారు": అమ్మానాన్నలు బిడ్డకు ఇప్పించారు. బ్రదరెన్, బాప్తిస్టు, పెంతెకొస్తు సంఘాలు ఎదిగిన మనిషి తానుగా దిగి మునగాలంటాయి. చిలకరింపు బాప్తిస్మం, ముంచుడు బాప్తిస్మం అని జనం పెట్టుకున్న పేర్లు. పసితనంలో ఇప్పించినది ఉండగానే పెద్దయ్యాక కాలవలో దిగి మళ్ళీ పుచ్చుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. దాని మీద సంఘాలు విడిపోయాయి, అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. నాకు తోచేది ఒకటి. "ఇప్పించారు" అన్నదానిలో మనం అడగకముందే ఇచ్చిన కృప ఉంది. దత్తు వచ్చిన బిడ్డ తన తల్లిదండ్రుల్ని తాను ఎంచుకోదు. "పుచ్చుకున్నాను" అన్నదానిలో ఆ బిడ్డ పెరిగి, ఆ ఇంటిపేరు నాదే అని నోరారా చెప్పిన రోజు ఉంది. ఈ రెండూ ఒకే కాలవ నీళ్ళతో జరిగాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1847-52 నాటి కూలీల మధ్య బౌడెన్ బోధించాడు. ఆ ఆనకట్ట వదిలిన నీళ్ళే తాడేపల్లిగూడెం దగ్గర, ఏలూరు దగ్గర ఈ మనుషుల్ని ముంచి లేపాయి.

ఇప్పుడు పత్రికల్లో, సభల్లో ఈ క్రియ మాయమవుతోంది. దాని స్థానంలో "మార్చారు", "మార్పిడి", "మార్చబడ్డారు" వచ్చాయి. మార్చు సకర్మకం, మారేవాడు దానికి వస్తువు. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, మతాన్ని ప్రచారం చేసే హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని చెప్పింది. మార్చడం గురించి కోర్టు మాట్లాడింది. పుచ్చుకునే మనిషి ఆ వాక్యంలో ఎక్కడున్నాడని వెతికితే సరిగా కనబడడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళితుడు క్రైస్తవం పుచ్చుకుంటే షెడ్యూల్డు కులం హోదా పోతుందంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు గాని క్రైస్తవులకు తెరవలేదు. ఆంధ్రలో వాళ్ళని బీసీ-సీలో వేశారు. అందుకే కాగితం మీద ఒక పేరు, సంఘంలో ఒక పేరు మోసే కుటుంబాలున్నాయి. ఊరికే ఇచ్చినదాన్ని పుచ్చుకోవడానికి లోకం వెల కట్టింది. ఎవరో మార్చేస్తే మారిపోయేవాళ్ళు డెబ్బై ఏళ్ళపాటు ఆ వెల చెల్లిస్తూ ఉండరు.

పుచ్చుకొను అనే మాట అన్నిటికీ జవాబు చెప్పదు. ఒకే తల్లి కన్నవాళ్ళలో ఒకడు పుచ్చుకుని ఒకడు పుచ్చుకోకపోతే, రోమా 9లో పౌలు ఎత్తిన కుమ్మరి ప్రశ్న అలాగే మిగులుతుంది. ఇవ్వడం తక్కువైందా, చాచడం తక్కువైందా? పుస్తకాల్లో దీనికి "త్రోసివేయబడినవారు" అనే మాట ఉంది. ఊళ్ళో దాన్ని ఏ తల్లీ తన కొడుకు మీద వాడదు. "మావాడు ఇంకా పుచ్చుకోలేదండి" అంటుంది. ఆ "ఇంకా"ను ఏ సభా తీర్మానించలేదు. శుక్రవారం ఉపవాస కూడికలో మోకాళ్ళ మీద ఉండి ఆవిడ "ప్రభువా, వాడి మనసు మార్చు" అంటుంది. ఇంటికొచ్చి అన్నం పెడుతూ కొడుకుతో "మనసు మార్చుకోరా" అంటుంది. దేవుడి దగ్గర మార్చు, కొడుకు దగ్గర మార్చుకో. వేదాంతులు ఈ రెంటిలో ఏదో ఒకటే నిజం కావాలన్నారు. ఆవిడ మాత్రం రెండూ పూర్తిగా నమ్మే అంటుంది, ఏదీ మానదు.